ఎడమకి వాలిన అతుకులు

సెగెడ్ ఊరి చివర ఆదివారం సంతలో
తుప్పు పట్టిన కత్తెరలకీ జత తప్పిన స్కేట్లకీ మధ్య
దొరికింది.
అరచేతికన్నా కాస్త పెద్దది. పచ్చ బోర్డు.
అంచున యాభై పూత పళ్ళు.
పేరు లేదు, ఊరు లేదు,
చేసినవాడి ముద్ర ఉండాల్సిన చోట
గరుకు కాగితంతో గీకేసిన మచ్చ.
"రేడియోదా?" అన్నాను.
"ఏదో ఒకదానిదే" అన్నాడు అమ్మేవాడు,
రెండు బీర్ల ధర చెప్పి.

ఇంటికి తెచ్చి దీపం కింద పడుకోబెట్టాను.
నా దగ్గరున్న పదకొండు పాత కంప్యూటర్లలో
ఏ ఒక్కదాని నోట్లోనూ ఈ పళ్ళు పట్టలేదు.
ఒకదానికి రెండు ఎక్కువ,
ఇంకోదానికి గాడి గోరంత పక్కకి.

నాలుగు రిలేలు. ఎనిమిది మర బిగింపులు.
తుమ్మితే ఊడే ముక్కులా ఒక కెపాసిటర్.
వెనకవైపు, చివరి నిమిషంలో ఎవరికో గుర్తొచ్చినట్టు
అడ్డదిడ్డంగా మూడు పసుపు తీగలు.
మెమరీ చిప్పు కిటికీకి
వెలుతురు సోకకుండా అంటించిన కాగితం:
జామ్ సీసా మీది లేబులు ముక్క,
నీలి సిరాతో చేతిరాత, "ప్లమ్" అన్న మాటలో సగం.
దాన్ని పీకలేదు.
ఎండ తాగితే అన్నీ మరిచిపోయే జాతి అది.

చదివించి చూశాను.
రెండువేల చిల్లర గడుల్లో ముప్పాతిక ఖాళీ.
మిగతాచోట అంకెలు,
మెల్లగా ఎక్కి, ఒకచోట చాలాసేపు ఆగి, మళ్ళీ దిగేవి.
మెట్లనుకున్నాను. మర్నాడు, టీసా నది వరద మట్టమేమో అనుకున్నాను.
నాలుగు రోజులు నదినే నమ్మాను.

చిప్పుల వీపు మీద తేదీ:
ఎనభై ఏడు, ముప్పై నాలుగో వారం.
అంటే ఆగస్టు చివర.
ఆ ఆగస్టు చివర ఈ ఊళ్ళో ఎవరికంత తొందర,
మూడు తీగలు చక్కగా వంచే తీరికైనా లేనంత?

పెద్ద చిప్పుని సాకెట్‌లోంచి ఎత్తితే
కింద ఎర్రటి పొడి.
తుప్పే కదా అని
కాగిన సోల్డరింగ్ ఇనుము దగ్గరకి తెచ్చాను.
మొదటి తుమ్ము. రెండోది.
మూడోదానికి కళ్ళజోడు బల్లమీద పడింది,
కెపాసిటర్ నిజంగానే ఊడింది.

మిరప!
సెప్టెంబరులో మొదలయ్యే కోత,
ఆరబెట్టే గదిలో నాలుగు ఫ్యాన్లు,
ఎక్కి ఆగి దిగింది నది కాదు, వేడి.
ఇన్నేళ్ళయినా ఘాటు చావని చిటికెడు పొడి
నన్ను తిట్టి మరీ చెప్పింది.

అది ఏం చేసేదో తెలిసింది. ఎవరు చేశారో?
ట్రామ్ డిపో వెనక, మూడో అంతస్తులో,
పిరోష్కా పెద్దమ్మ దగ్గరికి పట్టుకెళ్ళాను,
ఒకప్పుడు సహకార సంఘంలో బోర్డులు అతికిన మనిషి.
చిప్పుల వైపు చూడనైనా లేదు.
తిరగేసి, కళ్ళు మూసుకుని
వేలికొసతో వీపంతా తడిమింది.
"ఎడమకి వాలాయి. ఎటెల్కావి.
ఎడమచేతి వాటం దానిది. ఫోర్‌మన్ ఊరుకునేవాడు కాదు.
వాడు నిలబడ్డంతసేపూ కుడిచేత్తో,
వాడు అటు తిరగ్గానే చెయ్యి మార్చేది.
ఇదిగో, ఇక్కడ మార్చింది."
నిజమే. పదిహేడో అతుకు దాకా కుడికి,
పద్దెనిమిది నుంచి ఎడమకి.

"ఏ కంప్యూటర్‌కి ఇది?"
"నాకేం తెలుసు నాయనా,
మాకు బోర్డులు చూపించారు, పెట్టెలు చూపించలేదు."
బోర్డు ఇటు తిప్పి, కాసేపు ఏమీ అనలేదు.
తర్వాత, లేబులు మీద గోరు పెట్టి,
"జామ్ నాది. ఆ ఏడు పళ్ళు పులుపు.
సీసా ఖాళీ చేసింది మాత్రం అదే."

రాత్రి నోటుపుస్తకంలో రాశాను:
పేరు, తెలియదు.
యంత్రం, తెలియదు.
పని, మిరప ఆరబెట్టడం, బహుశా.
అతికింది, ఎటెల్కా:
పదిహేడు కుడిచేత్తో, మిగతావి తన చేత్తో.

ఊడిన కెపాసిటర్‌ని తిరిగి అతికాను.
నా అతుకు కొంచెం లావైంది,
ఆ వరసలో కొత్తగా చేరినవాడిలా నిటారుగా నిలబడింది,
ఎటు వాలాలో తెలియక.